పట్టును నీడన ఆరేసేవాళ్లం

"పోనంటే పోను. ఎన్ని మాట్లు జెప్పాలె నీకు?"

"నేను గూడ ఎన్ని మాట్లన్న జెప్త. పొద్దుగాల మొదటి బస్సుకు హైదరాబాద్ పోతున్నం. అంతే."

"మరి పడుగెవరు జేస్తరు? నువ్వు జేస్తవా? ఎల్లుండి వాన పడ్తదని ఫోన్ల సూపిస్తున్నది. రేపొక్క దినమే మంచి ఎండున్నది."

"ఎండ, ఎండ! ఆ ఎండే గదరా నీ చెవును తింటున్నది! డాక్టరు జెప్పింది ఇన్నవా లేదా?"

"ఇన్న. నువ్వు జెప్పింది గూడ చిన్నప్పటి సంది ఇన్న. తోలు పోతే తోలొస్తది, పొద్దు పోతే పొద్దు రాదు. ఈ మాట ఎవరిదమ్మా? నాదా, నీదా?"

ఆ మాట నాదే. మా అత్త దగ్గర నేర్చుకుని నా కొడుక్కి అప్పజెప్పాను. నలభై దాటిన మనిషి దాన్ని తిరిగి నా ఒడిలో వేశాడు. చేతిలో బియ్యం చాట ఉంది. దాన్ని కింద పెట్టి ఊరికే నిలబడ్డాను.

దీపాలు పెట్టే వేళ. లోపల గదిలో కోడలు మగ్గం ఆపింది. మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిందంటే కోడలు చెవులు ఇటు పెట్టిందని అర్థం. వనపర్తిలో నర్సు చదువు చదువుతున్న మనవరాలు రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి, గడప మీద కూర్చుని, ఒకసారి నా మొహం, ఒకసారి వాళ్ల నాయన మొహం చూస్తోంది.

గొడవంతా వాడి ఎడమ చెవి వెనక ఉన్న పుండు గురించి. చింతగింజంత ఉంటుంది. ఏడు నెలలైంది. పక్కు కడుతుంది, ఊడుతుంది, నెత్తురు చెమ్మ కనిపిస్తుంది, మళ్లీ పక్కు కడుతుంది. మొన్న సోమవారం వనపర్తి దవాఖానలో చూపించాం. అక్కడి చర్మం డాక్టరు భూతద్దం పెట్టి చూసి, మెడంతా తడిమి, హైదరాబాద్ పెద్ద దవాఖానకు చీటీ రాశాడు. "ముక్క తీసి పరీక్ష చేయాలి. నాకు ఇది క్యాన్సర్ పుండులాగే కనిపిస్తోంది. ఇప్పుడైతే కోసి తీసేస్తే అయిపోతుంది. మీరు నెలలు గడిపితే చెవి పోతుంది. మెడలోకి దిగితే మనిషే పోతాడు" అన్నాడు. నా మొహం చూసే అన్నాడు. వాడు కిటికీ వైపు చూస్తున్నాడు.

ఆ చీటీ తెచ్చుకుని నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ పడుగు పేరు చెప్పి వాడు వాయిదా వేస్తున్నాడు.

చేనేత తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. మగ్గం మీదికి ఎక్కే పొడుగు దారాలను పడుగు అంటాం. నూలు పడుగును ఎక్కించేముందు వీధి పొడుగునా కట్టెల మీద సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండలో ఆరబెట్టాలి. ఆరకముందే చినుకు పడితే దారాలన్నీ ఒకదానికొకటి అంటుకుని పోతాయి. అందుకని మాకు ఎండ కావాలి. కానీ రంగు వేసిన పట్టు సంగతి వేరు. దాన్ని ఎండలో పెట్టకూడదు. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు కాబట్టి ఈ రెండు తెలివీ మాకు పుట్టుకతో వస్తాయి. ఏది ఎండలో, ఏది నీడలో అని మా వీధిలో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది.

నాకూ తెలుసు. తెలిసే చేశాను.

నేను పుట్టింది మానవపాడు దగ్గర. మా నాయన మగ్గం మానేసి కౌలుకు పొలం పట్టాడు. మిరపచేలలో కాయలు తెంపి తెంపి మేమంతా కాలిన పెంకుల్లాగా ఉండేవాళ్లం. బడికి మూడో తరగతి దాకా పోయాను. ఆ తర్వాత కాయలు కోతకు వచ్చాయి, ఇక మళ్లీ పోలేదు. ఎండంటే నాకు ఒక లెక్కలోది కాదు. పైన కాస్తుంది, కింద మనం పని చేస్తాం, సాయంత్రానికి దిగిపోతుంది. ఒంటిని కొరికేదిగా ఎండ నాకు ఎప్పుడూ కనిపించలేదు.

పెళ్లయి గద్వాలకు వచ్చాక రెండో కాన్పులో వీడు పుట్టాడు. మొదటిది దక్కలేదు. మంత్రసాని బిడ్డను దీపం దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసింది. "ఏమమ్మా, నీ కడుపున దొర పుట్టిండు" అంది. నవ్వుతోందో భయపడుతోందో నాకు తెలియలేదు. ఒళ్లంతా ముల్లంగి తెలుపు. రంగు వేయకముందు పట్టు ఎలా ఉంటుందో వెంట్రుకలు అలా ఉన్నాయి. కనురెప్పలు కూడా తెలుపే. వెలుతురు పడితే కళ్లు మూసుకునేవాడు. తెరిస్తే గుడ్లు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ ఆడేవి.

మా అత్త మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నోరు తెరిచింది. "గ్రానం నాడు మగ్గం దగ్గర కూసోవద్దని జెప్పిన్నా లేదా? తెల్ల పట్టు దిక్కు సూసుకుంట కూసున్నవు. ఇప్పుడు సూడు." గ్రహణం నాడు నేను మగ్గం దగ్గర కూర్చున్న మాట నిజం. కూర్చోబెట్టింది తనే. పండగకు చీర దిగాలని. ఆ సంగతి నేను అప్పుడు అనలేదు, ఇప్పుడు అనడానికి ఆమె లేదు.

వాడికి మూడో ఏడు నడుస్తుండగా నది అవతల ఊళ్లో నాటు వైద్యుడు ఉన్నాడని ఎవరో చెప్పారు. బొల్లి మచ్చలు మాన్పుతాడని పేరు. చూపిస్తే, "ఇది గూడ బొల్లే, కాకపోతే ఒళ్లంత వచ్చింది" అన్నాడు. బావంచాల గింజలు నూరి నూనెలో కలిపి ఇచ్చాడు. రోజూ పొద్దున ఒంటికి రాసి ఎండలో కూర్చోబెట్టాలి, ఒళ్లు వేడెక్కాలి, నలభై రోజుల్లో ఒంటికి రంగు వస్తుంది అన్నాడు.

మా మిద్దె మీద కూర్చోబెట్టేవాళ్లం. ఎండలో పీట. పీట మీద పిల్లవాడు. ఒంటిమీద గుడ్డ లేదు. నాలుగడుగుల దూరంలో, గోడ నీడలో, రంగు వేసిన పట్టుదారం చుట్టలు, మేం చిలపలు అంటాం, కట్టెకు వేలాడుతుండేవి. ఎర్రవి, పచ్చవి, నెమలికంఠం రంగువి. నేను రెండింటికీ కాపలా. పొద్దు పైకి వచ్చేకొద్దీ గోడ నీడ దగ్గరికి జరుగుతుంది. కింది నుంచి మా అత్త కేక వేసేది: "ఎండ చిలపల మీదికొస్తున్నదేమో సూడవే! జరుపు!"

నేను లేచి కట్టెను నీడలోకి జరిపేదాన్ని. పిల్లవాడు చేతులు చాచి ఏడ్చేవాడు. "కూసో. ఇంకింత సేపే" అనేదాన్ని. కట్టె జరిపి వచ్చి మళ్లీ కూర్చునేదాన్ని.

పన్నెండో రోజున రెండు భుజాలూ, వీపూ బొబ్బలెక్కాయి. జ్వరం వచ్చింది. బొబ్బలు పగిలి చీము పట్టి నెల రోజులు అరటాకు మీద పడుకోబెట్టాం. మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, ముడతలు పడి, కాల్చిన అప్పడంలాగా. వాడికి ఊహ తెలిసి అడిగితే, "ఉడుకు గంజి మీద పడ్డది రా" అని చెప్పాను. ఇంట్లో అందరూ అదే మాట చెప్పారు. కోడలికి అదే తెలుసు. మనవరాలికి అదే తెలుసు.

బడిలో వాడికి నల్లబల్ల కనిపించేది కాదు. పుస్తకం ముక్కుకు ఆనించి చదివేవాడు. పిల్లలు పుస్తకం లాక్కుని పరుగెత్తేవారు. అయిదో తరగతి తర్వాత నేనే మాన్పించాను. ఏడిస్తే, "నేను జదివింది మూడు, నువ్వు జదివింది అయిదు. నాకన్న రెండెక్కువ. ఇంకేంది?" అన్నాను. వాళ్ల నాయన మగ్గం మీద కూర్చోబెట్టి చూశాడు. నూలూ పట్టూ కలిసే చోట దారం దారం చూసి పట్టాలి. వాడి కళ్లు అక్కడ నిలవలేదు. రెండు చీరలు పాడయ్యాయి. ఇక లోపలి పనికి పనికిరాడని బయటి పనికి పెట్టాం. వీధిలో పడుగు, గంజి, కుంచె. చూపు లేనివాడిని ఎండలోకి పంపాం. మాకు అది న్యాయంగానే కనిపించింది. కళ్లు అక్కర్లేని పని అదొక్కటే ఉంది కదా.

చెప్పుకోవాలంటే ఆ పనిలో వాడిని మించినవాడు మా వీధిలో లేడు. పడుగు మీద అరచేయి పెట్టి నడుస్తూ పోతాడు. తెగిన దారం ఎక్కడుందో వేళ్లకే తెలుస్తుంది. ఆగి, ముడి వేసి, మళ్లీ నడుస్తాడు. కళ్లున్నవాళ్లు కూడా వాడిని పిలుచుకుపోయేవారు.

ప్రతి ఎండాకాలం మొహం ఎర్రగా ఉబ్బి, పొరలు పొరలుగా లేచేది. పెదవులు చిట్లేవి. వెన్న రాసేదాన్ని. ఒకసారి పదిహేనేళ్లప్పుడు గొడుగు పట్టుకుని వీధిలోకి పోబోతే నేనే లాక్కున్నాను. ఇంట్లో ఒకే గొడుగు. "గొడుగు వానకు. ఎండల పెడ్తే గుడ్డ రంగు ఎలుస్తది" అన్నాను. తలకు తువ్వాల చుట్టుకుని పోయాడు. ఆ గొడుగు ఎన్ని వానలు చూసిందో నాకు గుర్తు లేదు. దాని నలుపు మాత్రం చాలా ఏళ్లు చెక్కుచెదరలేదు.

వాడి నోటికి మాత్రం ఎప్పుడూ తక్కువ లేదు. పెళ్లయిన కొత్తలో శ్రీరంగాపూర్ గుడికి పోయాం. బస్సులో కండక్టరు వీడిని ఎగాదిగా చూసి, పక్కనున్న కోడలిని చూసి, "ఏ దేశం మనది?" అని అడిగాడు. "గద్వాల దేశం. మా తాన గిట్లనే పుడ్తరు, మీరు రాండ్రి ఒకసారి" అన్నాడు వీడు. బస్సంతా నవ్వింది. కోడలు ఆ రోజు నుంచే వీడిని ఇష్టపడిందని నా అనుమానం. తిరిగి వచ్చేసరికి చెరువు గట్టు మీద ఒక్క గంట కూర్చున్నందుకు మెడ చుట్టూ బొబ్బలు. కోడలు తడిగుడ్డ వేస్తుంటే నేను, "కొత్త పెండ్లాం ముంగట నఖరాలు" అని లోపలికి పోయాను.

మనవరాలు పుట్టినప్పుడు నేను మొదట చూసింది దాని రంగు. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. పనులన్నీ ఆపి స్నానం చేసి దేవుడికి దీపం పెట్టాను.

ఆ పిల్లే రెండేళ్ల కిందట నర్సు చదువుకు పోయాక వాళ్ల నాయనను మొదటిసారి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను. ఆ డాక్టరు చెప్పింది నాకు బాగానే అర్థమైంది. ఇది బొల్లి కాదు. పుట్టుకతోనే ఒంట్లో రంగు తయారు కాదు. రంగు అంటే అందచందాలకు కాదు, ఎండను అడ్డుకునేది అదే. అది లేనివాడికి ప్రతి ఎండా లోపలికి దిగుతుంది. దిగింది దిగినట్టే లోపల పోగుపడుతుంది, సాయంత్రానికి పోదు. "పొద్దు ఎక్కినప్పటి నుంచి నాలుగింటి దాకా బయట పని వద్దు. నిండు చేతుల చొక్కా, చుట్టూ అంచున్న టోపీ, నల్లద్దాలు. బయటికి పోయే ముందు ఈ క్రీము మొహానికి, చెవులకు, మెడకు, చేతులకు మందంగా రాయాలి. రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. నెల దాటినా మానని పుండు ఏదైనా కనిపిస్తే ఒక్క రోజు ఆగకుండా రండి" అన్నాడు.

"గంత మందంగ రాస్తే ఇది వారం గూడ రాదు గదా సారూ" అన్నాను నేను.

డాక్టరు నవ్వలేదు. "రాకూడదమ్మా. వారంలో అయిపోతేనే సరిగ్గా రాసినట్టు" అన్నాడు.

మనవరాలు వేళ్లు చాచి చూపించింది కూడా. చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా రెండు గీతలు. మొహానికీ మెడకూ అంత. నేను తల ఊపాను. ఇంటికి వచ్చాక ఆ గొట్టాన్ని ఒక చిన్న స్టీలు డబ్బాలోకి పిండి, సమానంగా కొబ్బరి నూనె పోసి, పుల్లతో బాగా కలిపాను. తెల్లగానే ఉంది. రాస్తే జారుడుగా, హాయిగా ఉందని వాడు కూడా అన్నాడు. వేలి కొనతో పలచగా రాస్తే, వారంలో అయిపోవాల్సింది రెండు నెలలు వచ్చింది. తర్వాత తెచ్చిన ప్రతి గొట్టానికీ అలాగే చేశాను. నేను చేసిన పొదుపుల్లో అది మంచి పొదుపు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పని చేసుకునేవాళ్లు చెప్పుకుంటారా?

దానివల్ల ఏమైందంటే, క్రీము రాసుకున్నాను కదా అని వాడు పది గంటలకు లేచి లోపలికి రావాల్సింది మధ్యాహ్నం దాకా వీధిలోనే ఉండడం మొదలుపెట్టాడు.

మనవరాలు కొన్న టోపీ ఒకటి ఉంది. పిల్లలు నవ్వారని వాడు దాన్ని మేకుకు తగిలించాడు. నల్లద్దాలు మాత్రం పెట్టుకునేవాడు, వెలుతురు ఓర్చుకోలేక. పోయిన చలికాలంలో చెవి వెనక పుండు లేస్తే ఆ అద్దాల పుల్ల ఒరుసుకుందనుకున్నాం. నేనే అన్నాను. పట్టు పీచు తీసి పుల్ల చివర మెత్తగా చుట్టి ఇచ్చాను. పసుపు పెట్టాను. మానినట్టు మానింది, మళ్లీ లేచింది. వేపనూనె పెట్టాను. పీచు ఇంకొంచెం చుట్టాను. వాడు తువ్వాల కిందికి లాగి కప్పుకునేవాడు. అలా ఏడు నెలలు. పోయిన వారం మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు అద్దాల పుల్లకు అంత దట్టంగా పట్టు పీచు ఎందుకు చుట్టారని అడిగితే బయటపడింది.

తువ్వాల తీసి చూసి ఆ పిల్ల నోటి మీద చేయి పెట్టుకుంది. తర్వాత క్రీము ఎక్కడుందని అడిగింది. డబ్బా మూత తీసి వాసన చూసింది.

"అవ్వా, ఇందుల ఏం కలిపినవు?"

"కొబ్బరినూనె."

"పాలల్ల నీళ్లు పోసినట్టు మందుల నూనె పోస్తరా ఎవరన్న?"

"పాలల్ల నీళ్లు పోస్తే పాలే అయితవి. పలచగైతయి, అంతే గదా."

"అది పలచగైతే పని జెయ్యది అవ్వా! నాయన రెండేండ్ల సంది ఉత్త నూనె రాసుకోని ఎండల నిలబడ్డట్టు!"

ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు.

ఇదంతా మనసులో పెట్టుకునే ఆ సాయంత్రం నేను వాడితో పోట్లాటకు దిగాను. వాడు నా మాటే నాకు అప్పజెప్పాడు. వీధిలో రేపటి కోసం పాతిన కట్టెలు తలుపులోంచి కనిపిస్తున్నాయి.

కోడలు మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, "ఒక్క పడుగుకు ఏమైతది? ఎదురింటాయనను అడుగుదం" అంది.

"ఎదురింటాయన జేస్తే సగం దారాలు తెగుతయి" అన్నాడు వాడు. "ఈ పుండు ఏడు నెలల సంది ఉన్నది. ఇంకొక వారం ఉంటే ఏమైతది? సచ్చిపోత్నా?"

"పోయిన వారం గూడ గిదే మాటన్నవు నాయనా" అంది మనవరాలు.

"నువ్వూకో. నర్సువైనంక నాకు జెప్పుదువు."

"అది జెప్పకపోతే ఎవరు జెప్తరు?" అన్నాను నేను. "నేను జెప్పిన మాటలు ఇని నువ్వు బాగుపడ్డవా?"

వాడు నా వైపు తిరిగాడు. వాడి చూపు ఒకచోట నిలవదు కాబట్టి చూస్తున్నాడో లేదో కొత్తవాళ్లకు తెలియదు. నాకు తెలుస్తుంది.

"ఏంది గట్లంటవు?"

అప్పుడు చెప్పాను. చాట పక్కన కూర్చుని చెప్పాను.

"నీ భుజాల మీద పడ్డది గంజి గాదు. గంజి పడలే. నీకు మూడేండ్లప్పుడు రంగొస్తదని బావంచాల నూనె రాసి మిద్దె మీద ఎండల కూసోబెట్టిన. పన్నెండు దినాలు. నువ్వు ఏడ్సుకుంట చేతులు చాపితే కూసో అన్న. పక్కన పట్టు చిలపల మీద ఎండ పడకుంట లేసి లేసి జరిపిన. నిన్ను జరపలే. అది జేసింది మీ అవ్వ గాదు, వైద్యుడు గాదు, నేను. గొడుగు గుంజుకున్నది నేను. మందుల నూనె కలిపింది నేను. ఇంకేమన్న మిగిలిందేమో నాకు తెల్వదు."

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. మనవరాలు గడప మీద నుంచి కదల్లేదు.

వాడు చొక్కా మీదనే ఎడమ భుజాన్ని కుడి చేత్తో తడుముకున్నాడు, పడుగు మీద తెగిన దారం వెతుక్కున్నట్టు.

"గంజి పడలేదా?" అన్నాడు.

"పడలే."

"మరి ఇన్నేండ్ల సంది గంజి బాన దగ్గరికి పోవాలంటే నాకు గుండె దడదడ ఉండేది. పొయ్యి మీద బాన తెర్లుతుంటే దూరం నిలబడెటోన్ని. ఉత్తగనే భయపడ్డ్నా?"

నేను తల వంచుకుని చాటలో బియ్యం సర్దాను.

"భయపడాల్సింది ఎండకు" అన్నాడు మళ్లీ తనే. ఆ వెంటనే గొంతు మారింది. "ఇప్పుడు జెప్తున్నవు ఎందుకు? నీ పాపం కడుక్కునేటందుకు నన్ను బస్సెక్కిస్తవా?"

"పాపం నాది నాకుంటది. నువ్వు బస్సెక్కితే పోదు, ఎక్కకపోతే పోదు. చెవు నీది."

వాడు లేచాడు. చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. కట్టెల దగ్గర నిలబడ్డాడు. ఒక కట్టెను పట్టుకుని గట్టిగా ఉందో లేదో ఊపి చూశాడు. తర్వాత రెండోదాన్ని. ఎదురింటి తలుపు దగ్గర ఏదో మాట్లాడాడు, నాకు వినిపించలేదు. తిరిగి వచ్చి, అన్నం పెట్టమని కోడలికి చెప్పి, తిని, చాప వేసుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పోతానని అనలేదు. పోనని కూడా అనలేదు. నాకు మళ్లీ అడిగే ఓపిక లేదు. నేను కూడా పడుకున్నాను.

తెల్లవారి నేను లేచేసరికి వాడు స్నానం చేసి నిండు చేతుల చొక్కా వేసుకుని బొత్తాలు మెడదాకా పెట్టుకుంటున్నాడు. పడుగు మూట ఎదురింటివాళ్ల అరుగు మీద ఉంది. "తెగిన తాన ముడి గట్టిగ ఎయ్యమని జెప్పు, జారు ముడి గాదు" అని కోడలికి రెండుసార్లు చెప్పాడు. మనవరాలు పుండు మీద దూది పెట్టి పట్టీ వేసింది. వనపర్తి నుంచి తెచ్చిన కొత్త గొట్టం నా చేతికి ఇచ్చింది. రెండు వేళ్ల పొడుగునా పిండాను. మొహానికి, మెడకు, కుడి చెవికి, పట్టీ తగలకుండా ఎడమ చెవి అంచుకు రాశాను. సరిపోలేదని ఆ పిల్ల అంటే మళ్లీ పిండాను. చేతులకు వాడే రాసుకున్నాడు. మేకుకున్న టోపీ తీసి దుమ్ము దులిపి పెట్టుకున్నాడు. డాక్టరు చీటీ నా సంచిలో ఉంది. బస్టాండుకు ముగ్గురం నడిచాం. హైదరాబాద్ బస్సు నిలబడి ఉంది. వాడిని లోపలి వైపు కూర్చోబెట్టి, ఎండ వచ్చే కిటికీ దగ్గర నేను కూర్చున్నాను. మనవరాలు వెనక సీట్లో కూర్చుంది. బస్సు కదిలింది.